షుగర్ వచ్చిన పిల్లికి ఏ ఫుడ్ పెట్టాలి? పదకొండేళ్ళుగా డ్రై ఫుడ్ తప్ప ఇంకోటి ముట్టనివాడు

కిట్టుఅమ్మ:

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ షుగర్ ఉన్న పిల్లుల్ని చూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి, నాకు చాలా భయంగా ఉంది.

మా కిట్టుకి పదకొండేళ్ళు, ఆపరేషన్ చేయించిన మగ పిల్లి, ఇల్లు దాటి బయటికి వెళ్ళడు. మొదట్నుంచీ బొద్దుగానే ఉంటాడు, పోయినేడాది తూచినప్పుడు 7.2 కేజీలు. రెండు నెలలుగా నీళ్ళ గిన్నె దగ్గరే కూర్చుంటున్నాడు, లిట్టర్ బాక్స్ శుభ్రం చేస్తుంటే మూత్రంతో గడ్డకట్టిన ఒక్కో ఉండ నా పిడికిలికన్నా పెద్దది వస్తోంది, ఎంత పెట్టినా ఇంకా కావాలని కాళ్ళ చుట్టూ తిరుగుతాడు, కానీ వీపు నిమిరితే వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగుల్తోంది. వయసు మీద పడింది కదా అనుకున్నాం. ఒకరోజు వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆన్చి నడుస్తుంటే చూసి అప్పుడు హాస్పిటల్‌కి పరిగెత్తాం. షుగర్ 412, యూరిన్‌లో కూడా షుగర్, గత కొన్ని వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోజమీన్ కూడా ఎక్కువే. బరువు 6.1 కి దిగిపోయింది.

గ్లార్జీన్ ఇన్సులిన్ పొద్దున ఒక యూనిట్, సాయంత్రం ఒక యూనిట్ మొదలుపెట్టి ఇవాళ్టికి ఆరు రోజులు. ఇంజెక్షన్ నేను అనుకున్నంత కష్టం కాలేదు, వాడు తింటుండగా మెడ వెనక చర్మం పట్టుకుని వేసేస్తున్నా, వాడికి తెలియను కూడా తెలియట్లేదు. నా తిప్పలన్నీ ఫుడ్ దగ్గరే. "కార్బ్స్ తక్కువ ఉన్న ఫుడ్‌కి మార్చండి" అన్నారు డాక్టర్ గారు, ఆ హడావిడిలో నేను సరిగ్గా అడగలేకపోయా. షాపుకెళ్తే డయాబెటిక్ అని రాసున్న డ్రై ఫుడ్ ఒకటి, ధాన్యాలు లేనిది ఒకటి, వెట్ ఫుడ్ డబ్బాలు ఇరవై రకాలు. ఏది తీసుకోవాలి? ఇంట్లో చికెన్ ఉడకబెట్టి పెట్టేస్తే సరిపోదా? ఇప్పటిదాకా గిన్నె నింపి వదిలేసేవాళ్ళం, ఎప్పుడు కావాలంటే అప్పుడు తినేవాడు, ఇప్పుడు టైమ్ ప్రకారం పెట్టాలా? ఇంట్లో ఇంకో పిల్లి కూడా ఉంది, నాలుగేళ్ళది, మిన్ను, దానికి ఏ జబ్బూ లేదు. ఇద్దరిదీ ఒకే గిన్నె. దయచేసి చెప్పండి.


మూడుపిల్లులు:

కిట్టుఅమ్మ గారూ, ముందు మీరు కాస్త స్థిమితపడండి. మా పెద్దాడికి తొమ్మిదో ఏట వచ్చింది, ఇప్పుడు వాడికి పద్నాలుగు. ఇంజెక్షన్ అలవాటైపోయింది అంటున్నారు కదా, సగం పని అయిపోయినట్టే.

ఫుడ్ విషయం. ప్యాకెట్ ముందు వైపు ఏం రాసుందో చూడకండి, వెనక్కి తిప్పి చూడండి. డయాబెటిక్ అన్న మాట, గ్రెయిన్ ఫ్రీ అన్న మాట, ప్రీమియం అన్న మాట ఇవేవీ మీకు కావాల్సిన సంగతి చెప్పవు. మీకు కావాల్సింది ఒకే ఒక్క అంకె, ఆ ఫుడ్ నుంచి వచ్చే క్యాలరీల్లో కార్బ్స్ వాటా ఎంత అని. షుగర్ ఉన్న పిల్లికి అది 12 శాతం లోపు ఉండాలని సాధారణంగా చెప్తారు, 10 లోపైతే ఇంకా మంచిది. ప్రొటీన్ వాటా 40 శాతం పైన ఉండాలి.

ఎందుకంటే పిల్లి ఒళ్ళే అలా తయారైంది. మనం తిండిలో పిండిపదార్థం తింటే లివర్‌లో గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌ని గబగబా సర్దేస్తుంది, పిల్లి లివర్‌లో ఆ ఎంజైమ్ పని చాలా తక్కువ. వాటి లాలాజలంలో పిండిని అరిగించే అమైలేజ్ కూడా ఉండదు. తీపి రుచి తెలిసే జీన్ కూడా వాటిలో పనిచేయదు, అంటే తీపి అంటే ఏంటో పిల్లికి అసలు తెలియదు. వాటికి కావాల్సిన గ్లూకోజ్ మాంసంలోని ప్రొటీన్ నుంచి లివరే రోజంతా కొంచెం కొంచెంగా తయారు చేసుకుంటుంది. అలాంటి జీవికి మనం ఏళ్ళ తరబడి మూడో వంతు పిండి ఉన్న గింజలు పెడుతున్నాం, ఎందుకంటే డ్రై ఫుడ్ ఆ గింజ ఆకారంలో నిలబడాలంటేనే పిండి కావాలి, పిండి లేకుండా ఆ మిషన్‌లో గింజ రాదు. గోధుమ, మొక్కజొన్న తీసేసి గ్రెయిన్ ఫ్రీ అంటారు, వాటి బదులు బంగాళాదుంపో బఠానీయో వేస్తారు. కిట్టు ఒంటికి రెండూ ఒకటే.

ఇక లెక్క. లేబుల్ మీద కార్బ్స్ అని విడిగా సాధారణంగా రాయరు, మనమే తీయాలి. ప్రొటీన్, ఫ్యాట్, ఫైబర్, మాయిశ్చర్, యాష్ (అంటే ఖనిజాలు), ఈ ఐదూ కూడి 100 లోంచి తీసేయండి, మిగిలింది కార్బ్స్. యాష్ రాయకపోతే వెట్ ఫుడ్‌కి 2 అనీ డ్రైకి 7 అనీ వేసుకోండి. తర్వాత ప్రొటీన్‌ని 3.5 తో, ఫ్యాట్‌ని 8.5 తో, కార్బ్స్‌ని 3.5 తో గుణించి మూడూ కూడండి, ఆ మొత్తంలో కార్బ్స్ వాటా ఎంత శాతమో చూడండి, అంతే. ఈ రెండో మెట్టు చాలామంది వదిలేస్తారు, డబ్బా మీద లెక్కేస్తే కార్బ్స్ 5 వచ్చింది, తక్కువే కదా అనుకుంటారు, కానీ ఆ డబ్బాలో 80 వంతులు నీళ్ళే ఉంటే మిగిలిన ఇరవైలో ఐదు అంటే చాలా ఎక్కువ. ఇంకో మాట, లేబుల్ మీద వేసేవి ప్రొటీన్ కనీసం ఇంత, ఫైబర్ గరిష్ఠం ఇంత అనే హద్దులే తప్ప అసలు లెక్కలు కావు. కంపెనీకి మెయిల్ పెట్టి అసలు విశ్లేషణ అడగండి, చాలా కంపెనీలు ఇస్తాయి.

మీ ఇంట్లో ఉన్న ప్యాకెట్, షాపులో చూసినవి, అన్నింటి వెనక వైపు ఫోటో తీసి అంకెలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.


రాత్రిడ్యూటీ:

పైన మూడుపిల్లులు గారు చెప్పినదంతా కరెక్టే, కానీ కిట్టుఅమ్మ గారూ, ఇవాళే వెళ్ళి డబ్బాలు కొనుక్కొచ్చి రాత్రికి పెట్టేయకండి. ముందు నేను చెప్పేది చదవండి.

మా బుజ్జి డ్రై ఫుడ్ మీద ఉండగా డోసు పెంచుకుంటూ పెంచుకుంటూ పూటకి మూడు యూనిట్ల దాకా వచ్చింది. వెట్ ఫుడ్ మంచిదని తెలిసి ఒక సాయంత్రం మొత్తం మార్చేశా. అది ఇష్టంగా తినేసింది, నాకు సంతోషమేసింది, ఎప్పటిలాగే మూడు యూనిట్లు వేసేసి పడుకున్నా. రాత్రి రెండింటికి మంచం పక్కన ఏదో తగుల్తున్న చప్పుడుకి లేచి చూస్తే బుజ్జి గోడకి ఒరిగి నిలబడాలని చూస్తోంది, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి జారిపోతున్నాయి, పిలిస్తే నావైపు కాకుండా ఎటో చూస్తోంది. చెవి దగ్గర గుచ్చి చూస్తే షుగర్ 38. చేతులు వణుకుతుంటే తేనె వేలికి రాసుకుని చిగుళ్ళకి రుద్దా, ఐదు నిమిషాలకోసారి రుద్దుతూనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళా. బతికింది. రెండు రోజులు అక్కడే ఉంచారు. ఫుడ్ మార్చమన్నవాళ్ళు డోసు తగ్గించాలని ఒక్క మాట చెప్పలేదు, ఆ ఒక్క మాట చెప్పుంటే ఆ రాత్రి నాకు ఉండేదే కాదు. అందుకే షుగర్ పిల్లి, ఫుడ్ అన్న మాట ఎక్కడ కనపడ్డా వచ్చి ఇది రాస్తున్నా.

తిండిలో పిండి తగ్గితే ఇన్సులిన్ అవసరం తగ్గిపోతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజుల్లోనే. నిన్నటిదాకా సరిపోయిన డోసు ఇవాళ ఎక్కువైపోతుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు డాక్టర్ గారికి ఫోన్ చేసి "ఫలానా రోజు నుంచి ఫుడ్ మారుస్తున్నా, డోసు ఏం చేయమంటారు" అని అడగాలి. ఇంట్లో షుగర్ చూసుకోవడం నేర్చుకోవాలి. ఆ తర్వాతే ఫుడ్. డోసు మీ అంతట మీరు తగ్గించొద్దు, మీ అంతట మీరు పెంచనూ వద్దు.

మీటర్ గురించి: మనుషులది వాడొచ్చు కానీ పిల్లి రక్తంలో అది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, పెంపుడు జంతువుల కోసం చేసినవి విడిగా దొరుకుతాయి. ఏది వాడినా అదే వాడండి, మధ్యలో మార్చకండి, ఏ మీటరో డాక్టర్ గారికి చెప్పండి. చెవి అంచుని అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టి, అంచుకీ అంచు వెంబడి పోయే రక్తనాళానికీ మధ్య గుచ్చాలి, రక్తనాళంలో కాదు. వెనక దూది ముక్క పెట్టుకోకపోతే మీ వేలికే గుచ్చుకుంటుంది. ఇంజెక్షన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఆరు గంటలకి ఒకసారి చూస్తే ఎక్కడ దిగుతోందో తెలుస్తుంది. 60 కన్నా దిగితే, లేదా తూలడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, మత్తుగా పడి ఉండటం కనపడితే మీటర్ ఏం చెప్పినా ఆగకుండా చిగుళ్ళకి తేనో గ్లూకోజ్ సిరపో రాసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఫిట్స్ వస్తుంటే నోట్లో పోయొద్దు, చిగుళ్ళకి రుద్దడమే.

తినకపోయినా, వాంతి చేసుకున్నా మామూలు డోసు వేసేయకండి. ముందు ఫోన్.


కిట్టుఅమ్మ:

రాత్రిడ్యూటీ గారూ, మీది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నిజంగా చెప్తున్నా, నిన్న సాయంత్రం నాలుగు డబ్బాలు కొని పెట్టా, ఈ రాత్రికి మొదలుపెడదామనే అనుకున్నా. ఆపేశా. పొద్దున డాక్టర్ గారికి ఫోన్ చేశా, మంచిపని చేశారు అడిగి అన్నారు, మీటర్ తెచ్చుకుని రెండు మూడు రోజులు డ్రై ఫుడ్ మీదే చూసి అంకెలు పంపమన్నారు, అప్పుడు మొదలుపెట్టమన్నారు.

ఇవిగో లేబుళ్ళు, లెక్క నేనే వేశా, తప్పుంటే చెప్పండి.

ఇప్పుడు తింటున్న డ్రై: ప్రొటీన్ 32, ఫ్యాట్ 14, ఫైబర్ 3, మాయిశ్చర్ 8, యాష్ 7. మిగిలింది 36. క్యాలరీల్లో చూస్తే 35 శాతం!! పదకొండేళ్ళుగా ఇదే పెట్టా.

డయాబెటిక్ అని రాసున్న డ్రై: ప్రొటీన్ 47, ఫ్యాట్ 14, ఫైబర్ 4, మాయిశ్చర్ 6, యాష్ 8. మిగిలింది 21. క్యాలరీల్లో 20, 21 శాతం మధ్య.

గ్రేవీలో ముక్కలు ఉన్న డబ్బా: ప్రొటీన్ 9, ఫ్యాట్ 3, ఫైబర్ 1, మాయిశ్చర్ 80, యాష్ 2. మిగిలింది 5. క్యాలరీల్లో 23 శాతానికి పైనే వస్తోంది. ఇది నాకు అర్థం కాలేదు, వెట్ ఫుడ్ అయ్యుండి ఆ డ్రై కన్నా ఎక్కువా?

మెత్తగా ముద్దలా ఉండే పాటే డబ్బా: ప్రొటీన్ 11, ఫ్యాట్ 6, ఫైబర్ 1, మాయిశ్చర్ 78, యాష్ 2. మిగిలింది 2. క్యాలరీల్లో 7 శాతం.


మూడుపిల్లులు:

లెక్క నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. గ్రేవీ సంగతి కూడా మీరే పట్టేశారు. గ్రేవీ చిక్కగా రావాలంటే స్టార్చో పిండో కలుపుతారు, ఇన్‌గ్రీడియంట్స్‌లో చూడండి, మొక్కజొన్న స్టార్చ్, టాపియోకా, గోధుమ పిండి ఏదో ఒకటి ఉంటుంది. పైగా ఆ డబ్బాలో ఫ్యాట్ తక్కువ, అందుకని ఉన్న కొద్ది క్యాలరీల్లో పిండి వాటా పెరిగిపోయింది. వెట్ ఫుడ్ అంటే చాలు అనుకుని గ్రేవీవి తెచ్చుకుని షుగర్ దిగట్లేదని బాధపడేవాళ్ళని చాలామందిని చూశా. అన్ని గ్రేవీలూ ఇలాగే ఉంటాయని కాదు, లెక్క వేసుకోకుండా నమ్మొద్దు అంతే. మీరు పాటేతో వెళ్ళండి. అది సీనియర్ పిల్లులదా అడల్ట్ పిల్లులదా అన్నదానికన్నా దాని మీద 'కంప్లీట్' అని, అంటే రోజూ అదొక్కటే పెట్టినా సరిపోతుందని రాసుందా లేదా చూడండి. 'కాంప్లిమెంటరీ' అని రాసుంటే అది పక్కన పెట్టే తాయిలం లాంటిది, అదే భోజనంగా పెట్టకూడదు.

పదకొండేళ్ళు పెట్టా అని మీరు కుమిలిపోకండి. మన ఇళ్ళల్లో పిల్లులన్నీ ఆ గింజలు తినే పెరిగాయి, అన్నింటికీ షుగర్ రాలేదు. బరువు, వయసు, కదలకుండా ఇంట్లోనే ఉండటం, మగ పిల్లి కావడం ఇవన్నీ కలిశాయి. కొన్నిసార్లు దురదకో ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించినా వస్తుంది, కిట్టుకి ఈమధ్య అలాంటిది ఏమైనా వేయించి ఉంటే డాక్టర్ గారికి గుర్తు చేయండి.


తెల్లమీసాలు:

అమ్మా, ఇక్కడ అంకెలన్నీ అయిపోయాయి కానీ అసలు యుద్ధం ఇంకా మొదలవ్వలేదు. డ్రై ఫుడ్ తప్ప ముట్టని పిల్లి నోట్లో పాటే ఎలా పెట్టాలి అన్నది. మా పాపాయి ఇలాగే, పాటే ముందు పెడితే వాసన చూసి, నేలని ముందుకాలితో గీరి కప్పేస్తున్నట్టు చేసి వెళ్ళిపోయేది. నాకు ఐదు వారాలు పట్టింది. అలా అయినా మారింది.

ఒక్కటి మాత్రం చెయ్యకండి. "ఆకలేస్తే అదే తింటుందిలే" అని పస్తు పెట్టకండి. మనుషులకి, కుక్కలకి పనికొచ్చే మాట అది, పిల్లికి కాదు. అందులోనూ లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరిపోయి హెపాటిక్ లిపిడోసిస్ అని ప్రాణం మీదకి వస్తుంది. ఇక కిట్టు ఇన్సులిన్ మీద కూడా ఉన్నాడు. ఒక పూర్తి రోజు సరిగ్గా తినలేదంటే పాత డ్రై ఫుడ్డే పెట్టేయండి, దాంతో ఏమీ మునిగిపోదు. ఎంత గొప్ప ఫుడ్ అయినా గిన్నెలో మిగిలిపోతే పిల్లికి ఏం లాభం చెప్పండి.

నేను ఏం చేశానంటే, మొదటి వారం ఫుడ్ అసలు మార్చలేదు, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం ఆపేశా. అదే డ్రై ఫుడ్ రోజుకి నాలుగు పూటలుగా పెట్టి అరగంట తర్వాత తీసేసేదాన్ని. దాంతో గిన్నె కింద పెట్టగానే రావడం అలవాటైంది. రెండో వారం డ్రై ఫుడ్ పక్కన ఒక చెంచాడు పాటే పెట్టా, కలపలేదు, పక్కన అంతే. వాసనకి అలవాటు పడాలి ముందు. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పెట్టకండి, చల్లటిదానికి వాసన ఉండదు, గిన్నెని వేడినీళ్ళల్లో కాసేపు ఉంచి మన చెయ్యంత వెచ్చగా చేసి పెట్టండి, అప్పుడే చంపిన ఎలుక ఎంత వెచ్చగా ఉంటుందో అంత అన్నమాట. మూడో వారం డ్రై గింజలు మిక్సీలో పొడి చేసి పాటే మీద చల్లా. అక్కడ పని జరిగింది, పొడి నాకుతూ నాకుతూ కింద ఉన్నది కూడా నాలిక్కి తగిలింది. తర్వాత పొడి తగ్గించుకుంటూ వచ్చా. గడ్డకట్టించి తేమ తీసేసిన చికెన్ ముక్క, అంటే ఆ ఫ్రీజ్ డ్రైడ్ అని దొరుకుతుందే అది, నలిపి పైన చల్లినా బాగా పనిచేస్తుంది, అందులో పిండి ఉండదు.

ఐదు వారాలు పట్టింది కాబట్టి షుగర్ కూడా మెల్లిగా దిగింది, డోసు మెల్లిగా తగ్గించుకుంటూ రావడానికి డాక్టర్‌కి వీలైంది. తొందర లేకపోవడం కూడా మంచిదే అయింది. ఎంతకీ ముట్టకపోతే ఆ 20 శాతం డ్రై ఉంది కదా, 35 కన్నా అది నయమే, సిగ్గుపడాల్సింది ఏం లేదు.

ఇద్దరు పిల్లులన్నారు. మిన్నుకి కూడా పాటే పెట్టేయండి, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది మంచిదే, విడిగా డ్రై పెడితే వీడు వెళ్ళి దానిది తినేస్తాడు, ఒక్క పూట అలా తిన్నా అంకెలు పైకి పోతాయి, మీకు కారణం తెలియక తల పట్టుకుంటారు. మా ఇంట్లో రెండో పిల్లిది బీరువా మీద పెట్టేదాన్ని, పాపాయి ఎక్కలేదు కాబట్టి నడిచింది. మెడలో చిప్ చూసి తెరుచుకునే గిన్నెలు కూడా ఉన్నాయి.

ట్రీట్స్ అన్నీ ఒక సంచిలో వేసి ఎవరికైనా ఇచ్చేయండి. మెత్తగా నమిలేలా ఉండే ట్రీట్స్‌ చాలావాటిలో చక్కెర, సిరప్ ఉంటాయి. ఇంట్లో వాళ్ళందరికీ చెప్పండి, మా ఆయన ప్రేమగా రోజూ నాలుగు పెట్టేవారు, నాకు తెలిసేసరికి రెండు వారాలైంది.


మూడుపిల్లులు:

తెల్లమీసాలు గారు చెప్పినట్టు పూటలుగా పెట్టడం అలవాటు చేయడానికి బాగుంటుంది. కానీ ఇంజెక్షన్‌తో పాటు రెండే పూటలు పెట్టాలి, మధ్యలో ఏమీ పెట్టకూడదు అనుకునేవాళ్ళు ఉన్నారు, అది అక్కర్లేదు. కార్బ్స్ తక్కువున్న ఫుడ్ తింటే పిల్లికి తిన్న తర్వాత షుగర్ పెద్దగా ఎగరదు, చిన్న చిన్న పూటలుగా తినడమే వాటి సహజం. ఇంజెక్షన్ మాత్రం పన్నెండు గంటలకి ఒకసారి, ఆ టైమ్ తప్పకూడదు. రోజు మొత్తం ఎంత అన్నది తూచి పెట్టండి, ఎన్నిసార్లు అన్నది మీ వీలు.


నీలికళ్ళు:

నాది చిన్న మాట, కానీ ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా. కిట్టుకి పదకొండేళ్ళు, కిడ్నీల సంగతి ఏంటి? బ్లడ్ టెస్ట్‌లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఎస్‌డీఎంఏ, ఇంకా ఫాస్ఫరస్ ఎంతున్నాయో అడగండి. మా దానికి షుగర్, కిడ్నీ జబ్బు రెండూ. ప్రొటీన్ ఎక్కువున్న డబ్బాలు చాలావాటిలో ఫాస్ఫరస్ కూడా ఎక్కువే, కిడ్నీలు దెబ్బతిన్న పిల్లికి అది మంచిది కాదు. కిడ్నీ ఫుడ్‌లో చూస్తే కార్బ్స్ ఎక్కువ. మా డాక్టర్ గారు కిడ్నీ ఎంత దూరం వెళ్ళిందో చూసి, కిడ్నీకే ముందు చోటిచ్చి, షుగర్‌ని ఇన్సులిన్‌తో పట్టుకుందాం అన్నారు. మా దానికి 12 శాతం ఫుడ్ ఎప్పుడూ పెట్టలేదు, అయినా మూడేళ్ళుగా బాగానే ఉంది. కాబట్టి ఇక్కడి అంకెలు షుగర్ ఒక్కటే ఉన్న పిల్లికి సరిపోతాయి, పాంక్రియాస్ వాపో కిడ్నీయో కలిస్తే లెక్క మారుతుంది.

చికెన్ ఉడకబెట్టి పెట్టడం గురించి అడిగారు. అప్పుడప్పుడు రెండు ముక్కలు ఉప్పు లేకుండా, ఉల్లి వెల్లుల్లి తగలకుండా పెట్టండి, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాలని పాడుచేస్తాయి. కానీ రోజూ అదే భోజనం కాకూడదు. ఉత్త మాంసంలో క్యాల్షియం దాదాపు ఉండదు, ఉడికించిన నీళ్ళు పారబోస్తే టారిన్ అనే పోషకం కూడా చాలావరకు పోతుంది. టారిన్ లేకపోతే పిల్లికి గుండె కండరం బలహీనపడుతుంది, చూపు పోతుంది. ఇంట్లోనే వండాలనుకుంటే జంతువుల ఆహారం చదివిన డాక్టర్ దగ్గర రాయించుకోవాలి.


కిట్టుఅమ్మ:

కిడ్నీ రిపోర్ట్ అడిగా నీలికళ్ళు గారూ, ప్రస్తుతానికి బాగానే ఉన్నాయన్నారు, మూడు నెలలకోసారి చూద్దాం అన్నారు. మీరు చెప్పకపోతే నాకు అడగాలని తోచేది కాదు. స్టెరాయిడ్ ఎప్పుడూ వేయించలేదు.

ఇంకో సందేహం, డోసు ఒకటి కన్నా తగ్గించాల్సి వస్తే అర యూనిట్ ఎలా కొలవాలి?


రాత్రిడ్యూటీ:

అర యూనిట్ గీతలున్న సిరంజిలు వస్తాయి, 0.3 మిల్లీలీటర్‌వి, అవి అడగండి. గ్లార్జీన్‌కి యూ-100 (అంటే మిల్లీలీటర్‌కి 100 యూనిట్లు) సిరంజే వాడాలి, పిల్లుల కోసం వచ్చే కొన్ని ఇన్సులిన్‌లు యూ-40, వాటి సిరంజి వేరే. రెండూ కలగాపులగం అయితే డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. డబ్బా మీద, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతి కొత్త ప్యాకెట్‌కీ చూడండి.


కిట్టుఅమ్మ:

ఏడు వారాల తర్వాత రాస్తున్నా, ఇక్కడ చెప్పకపోతే నాకు మనసొప్పలేదు.

తెల్లమీసాలు గారి పద్ధతే పట్టుకున్నా. పూటలు మొదటి వారంలోనే అలవాటయ్యాయి. పాటే మాత్రం పన్నెండు రోజులు పక్కన పెట్టి పెట్టి పారేశా. పదమూడో రోజు డ్రై పొడి చల్లి, వెచ్చగా చేసి పెట్టి, నేను వంటగదిలోకి వెళ్ళిపోయా, చూస్తూ నిలబడితే తినడు కదా అని. ఐదు నిమిషాలకి గిన్నె నేల మీద గరగరా జరుగుతున్న చప్పుడు. తొంగి చూస్తే గిన్నెని గోడ దాకా నెట్టుకుంటూ వెళ్ళి నాకుతున్నాడు, అంచుకి అంటుకున్నది కూడా వదల్లేదు. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చేశా.

నాలుగో వారం సగం సగం అయ్యేసరికి ఇంజెక్షన్‌కి ముందు అంకె 300 పైనుంచి 210 కి వచ్చింది, మధ్యాహ్నం 96 చూశా. వెంటనే డాక్టర్ గారికి పంపితే సాయంత్రం నుంచే అర యూనిట్‌కి దించమన్నారు. రాత్రిడ్యూటీ గారూ, మీరు ఆరోజు రాయకపోయుంటే నేను మధ్యాహ్నం చూసేదాన్నే కాదు. ఆరో వారం నుంచి పూర్తిగా పాటే. ఇప్పుడు రోజంతా 110 నుంచి 190 మధ్యలో ఉంటోంది. ఇలాగే దిగుతూ వస్తే కొన్నాళ్ళకి ఇన్సులిన్ లేకుండా కూడా ఉండొచ్చు, జబ్బు కనిపెట్టిన మొదటి ఆరు నెలల్లోనే ఆ అవకాశం ఎక్కువ అన్నారు, కానీ ఆపినా ఫుడ్ మాత్రం జీవితాంతం ఇదే, మళ్ళీ డ్రైకి పోతే షుగర్ కూడా మళ్ళీ రావచ్చు అన్నారు.

బరువు 6.1 దగ్గర ఆగింది, ఇక మెల్లిగా తగ్గించాలట, వారానికి ఒంటి బరువులో ఒక శాతం మించకుండా. నీళ్ళ గిన్నె సాయంత్రానికి కూడా సగం ఉంటోంది. లిట్టర్ ఉండలు నిమ్మకాయంత అయ్యాయి.

మిన్ను కూడా పాటే తింటోంది, దానికి ఇదంతా పండగలా ఉంది, కిట్టు గిన్నె కూడా ఖాళీ చేసేస్తోంది, అందుకని ఇద్దరినీ వేరే గదుల్లో పెట్టి తలుపులు వేయాల్సి వస్తోంది.

మడమలు ఇంకా పూర్తిగా లేవలేదు. షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు కదా, నెలలు పట్టొచ్చన్నారు. కానీ నిన్న పొద్దున్న కిటికీ గట్టు కింద నిలబడి పైకి చూశాడు, రెండుసార్లు తోక ఊపాడు, మూడోసారి ముందు కాళ్ళు పైన వేసి కాసేపు వేలాడాడు. ఎత్తి కూర్చోబెట్టబోయి ఆగిపోయా. తనే ఎక్కాడు.


తెల్లమీసాలు:

చదివి మా ఇంట్లో అందరికీ వినిపించా తల్లీ. ఆ గట్టు కింద ఒక చిన్న పీట వేసి ఉంచు, దిగేటప్పుడు కాళ్ళు జారకుండా ఉంటాయి.